శనివారం గిన్నె

మాత్ర మింగనని భీష్మించుకున్న మనిషి చేత మాత్ర మింగించడం ఎంత కష్టమో మీకు తెలియదా? తెలియకపోతే మీ ఇంట్లో అందరూ బుద్ధిమంతులే ఉన్నారన్నమాట, అదృష్టవంతులు. ఈ కోడలికి ఆ యోగం లేదు. ఆమె అత్తగారు మొండిఘటం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రాజెవరోగానీ, ఈవిడ దగ్గరికి కోటు కుట్టించుకోవడానికి వస్తే మాత్రం కిమ్మనకుండా బయట బల్ల మీద తన వంతు కోసం కూర్చోవలసిందే.

అందుకని ప్రతి శనివారం పొద్దున్నే కోడలు వంటగది తలుపు చేరవేసి, పసుప్పచ్చ మాత్రను చిన్న రోట్లో నూరేది. మాగిన అరటిపండు మెత్తగా చిదిమి, మీగడ వేసి, చేదు తెలియకుండా తేనె ధారాళంగా పోసి, ఆ పొడి కలిపేది. గిన్నె తీసుకెళ్ళి అత్తగారి ముందు పెట్టేది. అత్తగారు అది తిని, చెంచా నాకి, గిన్నె వేలితో తుడిచి మరీ ఇచ్చేది.

ఈ శనివారం మాత్రం గిన్నె పట్టుకుని వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారు షాపులో నిలువుటద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"నోరంతా పూసిందే. మంచినీళ్ళు తగిలినా భగ్గుమంటోంది. ఇవాళ నాకొద్దులే" అంది.

"మెత్తగానే ఉంటుంది అత్తయ్యా. తేనె నోటిపూతకి మంచిదంటారు" అంది కోడలు.

అనేసిందిగానీ, ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. అత్తగారు కోడలి మొహం చూసి, పాపం కష్టపడి చేసిందిలే అనుకుని, స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క చెంచా మింగింది. మింగినప్పుడల్లా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోడలు చూస్తూ నిలబడింది. గిన్నె లాక్కుని సింకులో పారబొయ్యాలని మనసు పీకింది. పారబోస్తే ఎందుకని అడుగుతుంది, అడిగితే ఏం చెప్పాలి? ఆ ఒక్క ప్రశ్నకి భయపడి గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడింది.

ఇల్లూ షాపూ ఒకటే వాళ్ళకి. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. కొడుకు కటింగ్ మాస్టరు. ఊళ్ళో అందరూ మాస్టరనే పిలుస్తారు, పెళ్ళాం కూడా నలుగురిలో అలాగే అంటుంది. కోడలిది మిషను. అత్తగారిది చేతిపని: కాజాలు, గుండీలు, అంచులు, లోపలి లైనింగు. అన్నిటికీ మించి దొంగ జేబులు. కోటు లోపల ఎక్కడుందో కుట్టించుకున్నవాడికి తప్ప పెళ్ళానికి కూడా దొరకని జేబు కుట్టడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఆవిడ కాజా చూస్తే మిషను కాజా సిగ్గుపడి చావాలి.

అలాంటి చేతికి కిందటేడు చలికాలంలో జబ్బు చేసింది. పొద్దున లేస్తే పిడికిలి విచ్చుకునేది కాదు. వేళ్ళ కణుపులు వాచి, సూదిలో దారం ఎక్కించడానికి కోడల్ని పిలవాల్సి వచ్చేది. పిలిచిన ప్రతిసారీ ఆవిడ మొహం ముడుచుకుపోయేది. బతిమాలి, బామాలి కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇది వయసు నొప్పి కాదు, కీళ్ళవాతం, వదిలేస్తే వేళ్ళు వంకర్లు తిరిగిపోతాయన్నాడాయన. వారానికి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటే మాత్ర వేసుకోమన్నాడు. మర్నాడు ఒక విటమిను బిళ్ళ.

"వారానికోసారి రావడానికి అది మందా, చుట్టమా?" అంది అత్తగారు. ఇంటికి రాగానే మాత్రల అట్ట తీసి గుడ్డపీలికల బుట్టలో విసిరేసింది. ఆవిడ భర్త చివరి రోజుల్లో దోసెడేసి మాత్రలు మింగేవాడట. "మింగి మింగి ఆయన పోయాడు. నేను మింగకుండా పోతాను, పెద్ద తేడా ఏముంది?" అనేసింది. ఇంక దాని మీద మాట లేదు.

పీలికల్లోంచి ఆ అట్ట ఏరి తెచ్చింది కోడలే. అరటిపండు ఆలోచనా ఆమెదే. మాస్టరుకి చెబితే, "చూడు మరి, నీ ఇష్టం" అన్నాడు. పని బాగుంటే ఇద్దరిదీ, బెడిసికొడితే నీదీ అని దానర్థం. ఏ మొగుడైనా అంతే.

డాక్టరు గట్టిగా చెప్పినవి రెండు. నెలనెలా రక్తం పరీక్ష చేయించాలి. సొంతంగా నొప్పి మాత్రలు వాడకూడదు, అవి దీనితో కలిస్తే ప్రమాదం. రెండోదాని గురించి కోడలు ఒక్క క్షణం కూడా బెంగపడలేదు. మాత్ర పేరెత్తితే మండిపడే మనిషి నొప్పి మాత్రలేం మింగుతుందిలే అనుకుంది. మొదటిదానికే దారి కనబడలేదు. మందే వేసుకోని మనిషికి రక్తపరీక్ష ఎందుకని చెప్పడం? మాత్రని దాచినట్టు సూదిని అరటిపండులో దాచలేం కదా. వచ్చే నెల చూద్దామనుకుంది. వచ్చే నెలలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

మూడో నెలకి అత్తగారి వేళ్ళు విచ్చుకున్నాయి. దారం తనే ఎక్కించుకున్న రోజున కోడలు మిషను మీద తల వాల్చి కళ్ళు తుడుచుకుంది. మరి అత్తగారు ఊరుకుంటుందా? వచ్చినవాళ్ళందరికీ చేతులు చాపి చూపించడం మొదలుపెట్టింది.

"మాత్ర ముట్టలేదు. నొప్పి దారి నొప్పిదీ, పని దారి నాదీ. చివరికి జబ్బే విసుగుపుట్టి లేచిపోయింది."

అందరూ ఆహా అనేవారు. అందరికన్నా శ్రద్ధగా వినేది గుండీల షాపావిడ. అదే వీధిలో షాపు, వెనకాలే ఒంటిగది కాపురం. ఆవిడకీ అదే జబ్బు, అదే డాక్టరు. గుండీల పొట్లాలు పట్టుకొచ్చి అత్తగారి పక్కన కూర్చుని, ఆ వేళ్ళను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. ఆ మాటలు వినబడినప్పుడల్లా కోడలు మిషను మరింత జోరుగా తొక్కేది. మిషను చప్పుడులో ఎన్ని మాటలైనా కొట్టుకుపోతాయి.

తరవాత కొత్త హోటలువాళ్ళ కోట్లు వచ్చిపడ్డాయి. పనివాళ్ళందరికీ ఒకే రకం, ఒక్కో కోటుకి ముందూ చేతులకీ బోలెడు కాజాలు. మిషను మీద వేసేద్దామన్నాడు మాస్టరు. "నేనుండగానా?" అంది అత్తగారు. వెలుతురున్నంతసేపూ కిటికీ దగ్గర స్టూలు దిగలేదు. అప్పుడప్పుడు నడుం పట్టుకుని లేచేది. ఎలా ఉందత్తయ్యా అంటే, "రాయిలా ఉన్నాను, నీ పని నువ్వు చూసుకో" అనేది.

ఆ పని మధ్యలో వచ్చిందే ఈ నోటిపూత.

ఆదివారం అత్తగారి మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చ కనబడింది. ఎక్కడ తగిలిందంటే ఎక్కడా తగల్లేదంది. సోమవారం పాలు తప్ప ఏమీ దిగలేదు. కోడలు కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ షాపులోకీ తిరిగింది. మందుల షాపు దాకా వెళ్ళి, కౌంటరు దగ్గర నిలబడి, ఏం కావాలమ్మా అంటే దూది కొనుక్కుని వచ్చింది. డాక్టరు క్లినిక్ గేటు పట్టుకుని, రక్తపరీక్షలేవి అని అడుగుతాడని తలుచుకుని, వెనక్కి తిరిగింది. ఒక కోటుకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టి, విప్పి, మళ్ళీ ఎడమ చెయ్యే కుడివైపు కుట్టింది.

"ఏమండీ, ఇది ఆ మాత్ర వల్లేనేమో" అంది మాస్టరుతో, అత్తగారు పెరట్లోకి వెళ్ళిన సందు చూసుకుని.

మాస్టరు బట్ట మీద సుద్దతో గీత గీస్తున్నాడు. "నోటిపూతే కదా. ఈ కోట్లు ఇచ్చేశాక తీసుకెళదాం. పోనీ వచ్చే శనివారం వెయ్యకు."

"వచ్చే శనివారం దాకా ఆగాలా?"

"మరి అమ్మకి చెబుతావా?"

చెబుతాను అని నాలిక చివరిదాకా వచ్చింది. అత్తగారు లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చుని, చేతివేళ్ళు ముడిచి, తెరిచి, తృప్తిగా చూసుకుంది. కోడలు ఆ మాట మింగేసింది. మాటలు మింగడంలో ఆమెకి ఈ ఐదు నెలల్లో బాగా చెయ్యి తిరిగింది.

మంగళవారం మధ్యాహ్నం అత్తగారు ఒళ్ళో కోటుతో సహా స్టూలు మీంచి పక్కకి ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. లేపి కూర్చోబెట్టేసరికి నల్లటి వాంతి అయింది. మాస్టరు చేతిలో కత్తెర అలాగే పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తి టాక్సీని ఆపాడు. ఆసుపత్రిలో ఎవరో ఆ కత్తెర చేతిలోంచి తీసుకునేదాకా అతనికి తెలియలేదు.

ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ చిన్న వయసుదే, మాట మాత్రం కత్తిరించినట్టుగా ఉంది.

"పెద్దావిడ ఏం మందులు వాడుతున్నారు?"

మాస్టరు పైన తిరుగుతున్న ఫాను కేసి చూశాడు. కోడలు నేల కేసి చూసింది. జవాబు మంచం మీంచే వచ్చింది, గొంతు పీలగానే అయినా పౌరుషంగా.

"మాత్రన్నది నా నోట్లో పడలేదమ్మా. అలాగే రాసుకో."

డాక్టరమ్మ రాసుకుంది. రక్తం తీశారు. కాసేపటికి ఆవిడ కాగితం పట్టుకుని తిరిగొచ్చింది. మొహం ఇందాకటిలా లేదు.

"రక్తంలో కణాలు బాగా పడిపోయాయి. జబ్బుతో పోరాడే కణాలు మరీను. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యడం లేదు, కడుపులో ఎక్కడో రక్తం కారుతోంది. ఏ మందూ లేకుండా ఇన్ని ఒక్కసారి ఎందుకయ్యాయో తెలియడం లేదు. రక్తం తయారయ్యే చోటే ఏదైనా పెద్ద జబ్బు ఉందేమో చూడాలి. తుంటి ఎముకలోంచి మూలుగ పరీక్షకి తీస్తాం. అది తేలేదాకా వైద్యం ఏం చెయ్యాలో చెప్పలేను."

"తేలేదాకా అంటే?" అన్నాడు మాస్టరు.

"రెండు మూడు రోజులు. ఈలోపు ఇన్ఫెక్షన్ ముదిరితే ఆవిడ తట్టుకోవడం కష్టం."

అని ఆవిడ పరదా తొలగించుకుని బయటికి వెళ్ళింది. కోడలు వెనకాలే వరండాలోకి పరిగెత్తింది. ఇక్కడ, ఈ మూల, ఎవరూ వినకుండా చెప్పెయ్యొచ్చు. అత్తయ్యకి తెలియనక్కర్లేదు, మందు మాత్రం సరైనది పడుతుంది. డాక్టరుగారూ అని పిలిచింది కూడాను. ఆవిడ ఆగింది. అప్పుడు కోడలికి ఒక సంగతి అర్థమైంది. ఇది కూడా అరటిపండు గిన్నే. మళ్ళీ ఆ మనిషి వెనకాల, మళ్ళీ ఆ మనిషి ఒంట్లోకే. ఆ ఆలోచనకి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒక్కసారి లోపలికి రండి. అత్తయ్య ముందే చెప్పాలి" అంది.

మంచం పక్కన నిలబడి, ఇనప కమ్మీ పట్టుకుని చెప్పింది. "అత్తయ్య మందు వాడుతున్నారండీ. మెథోట్రెక్సేట్, వారానికోసారి. కీళ్ళ డాక్టరుగారు రాసిందే. ఆవిడకి తెలియదు. నేను నూరి అరటిపండులో కలిపి పెడుతున్నాను. ఐదు నెలలయింది. మొన్న శనివారం కూడా పెట్టాను. అప్పటికే నోరు పూసి ఉంది."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమెను చూసింది. "దాన్ని నూరకూడదు. ఒట్టి చేత్తో ముట్టుకోనే కూడదు. రక్తపరీక్షలు?"

"ఒక్కటీ చేయించలేదు."

తిట్టడానికి తీరిక లేనట్టు డాక్టరమ్మ నర్సు వైపు తిరిగి గబగబా చెప్పింది, ఆ మందుకి విరుగుడుగా పనిచేసే ఇంజెక్షను వెంటనే ఇవ్వాలని, సెలైను పెంచాలని. అంతా పరుగులు. ఆ పరుగుల మధ్యలో అత్తగారు మాత్రం కదలకుండా కోడల్ని చూస్తూ పడుకుంది. కోపం కూడా లేదు ఆ చూపులో. ఎవరో తెలియని మనిషిని చూసినట్టుంది.

"శనివారం శనివారం నా కోసమని ప్రత్యేకంగా చేస్తున్నావనుకున్నానే" అంది. "అందరికీ చెప్పుకున్నాను." గోడ వైపు తిరిగి పడుకుంది.

డాక్టరమ్మ ఇంకా వదల్లేదు. "ఇది ఎక్కువ మోతాదేమీ కాదు. ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళున్నారు. ఒంట్లోంచి బయటికి పోవాల్సిన మందు పోకుండా పేరుకుంది. ఎందుకు? నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా?"

"లేదండీ. అది మాత్రం ఒట్టేసి చెబుతాను" అంది కోడలు.

అత్తగారు గోడ వైపే ఉంది.

నర్సు ఆసుపత్రి గౌను ఇచ్చి మార్చమంది. అత్తగారు పనిలో చీర మీద వేసుకునే కోటు తొడుక్కునే వచ్చింది, తను కుట్టుకున్నదే. కోడలు దాన్ని విప్పి మడత పెట్టబోయింది. కుట్టుపని చేసే చేతికి కళ్ళుంటాయి. కింది అంచు దగ్గర లైనింగు ఒక వీసమెత్తు బరువుగా తగిలింది. వేలితో తడిమింది. అక్కడ కుట్టు లేదు, కుట్టులా కనబడే నోరుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. దొంగ జేబులోంచి నొప్పి మాత్రల అట్టలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చాలామటుకు ఖాళీవి, చప్పుడు కాకుండా చిన్నగా మడిచి పెట్టినవి.

కోడలికి నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయింది. ఆ నవ్వే ఏడుపైంది.

"అమ్మా, మాత్ర ముట్టనన్నావు కదా" అన్నాడు మాస్టరు.

"మాత్రలెక్కడివిరా. నొప్పి బిళ్ళలు" అంది అత్తగారు గోడతో.

డాక్టరమ్మ అట్ట తిప్పి పేరు చదివింది. డైక్లోఫెనాక్. రోజుకెన్ని అని అడిగింది. పొద్దున, మధ్యాహ్నం, పని ఎక్కువైతే ఇంకొకటి అంది అత్తగారు. డాక్టరమ్మ మంచం అంచున కూర్చుండిపోయింది. "కీళ్ళనొప్పులకి ఒక్కోసారి మేమే రెండూ కలిపి ఇస్తాం. రక్తం చూసుకుంటూ, కిడ్నీ చూసుకుంటూ, కొలిచి ఇస్తాం. ఈ వయసులో, రోజూ ఇన్ని వేసుకుంటే కిడ్నీలు మందగిస్తాయి. అవి మందగిస్తే ఆ వారం మాత్ర బయటికి పోదు, లోపలే విషంలా పేరుకుంటుంది. ఇక్కడ ఒకరికి తెలియకుండా ఒకరు వేశారు. చూసుకునేవాళ్ళెవరు?"

అత్తగారు ఇటు తిరిగింది. ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి కంట నీరు కనబడింది.

"నడుం పట్టేసేది. మణికట్టు లాగేసేది. ఎవరికి చెప్పను? నాకు తగ్గిపోయిందని ఇంతమందికి చాటుకున్నాక నొప్పని ఏ మొహం పెట్టుకుని చెప్పను? గుండీల షాపావిడ దగ్గరుంటే తీసుకున్నాను. ఆవిడ ఊరికే ఇవ్వలేదు. అడిగింది. 'మీరు ఆ వారం మాత్రగానీ వేసుకుంటున్నారా, వేసుకుంటే వీటి జోలికి పోవద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు' అంది. లేదన్నాను. నా కళ్ళల్లోకి చూసి మళ్ళీ అడిగింది. గుండె మీద చెయ్యేసుకుని మరీ లేదన్నాను." కోడలి వైపు చూసింది. "నేను చెప్పింది నిజమే కదే."

కోడలు అవునని తల ఊపింది.

ఆ రోజులెలా గడిచాయో అడక్కండి. జ్వరం దిగేది, ఎక్కేది. కణాలు పెరిగాయా అని నర్సు మొహం చూడటం, పెరగలేదని ఆ మొహంలోనే చదువుకోవడం. కోడలు మంచం పక్కన కుర్చీలో కూర్చోలేదు, వరండాలో నిలబడలేదు. అటూ ఇటూ తిరుగుతుంటే తుడిచే మనిషి చీపురు ఆపి, "ఒకచోట ఉండమ్మా తల్లీ, నీ అడుగులు తుడవలేక చస్తున్నాను" అంది. అత్తగారు కోడలి చేతి నీళ్ళు తాగలేదు. నర్సు పోస్తే తాగింది. గ్లాసులోకి ఒకసారి తొంగి చూసి మరీ తాగింది. కోడలు అది చూసింది. చావు తప్పితే చాలు, జన్మలో నా చేతి నీళ్ళు తాగకపోయినా ఫరవాలేదని మనసులో వందసార్లు మొక్కుకుంది.

చావు తప్పింది. శనివారం పొద్దున డాక్టరమ్మ కాగితం చూసి, కణాలు లేస్తున్నాయి, కిడ్నీలు తేరుకుంటున్నాయంది. మాస్టరు బాత్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు, చాలాసేపు బయటికి రాలేదు.

అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుంది. కోడల్ని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి. కోడలు తిట్లకి సిద్ధపడి వెళ్ళింది.

"గుండీలావిడ షాపుకి వెళ్ళు."

"ఎందుకత్తయ్యా? ఆవిణ్ణి ఏమీ అనకండి, పాపం అడిగే ఇచ్చింది కదా."

"అనడానికి కాదు." అత్తగారు తన వేళ్ళను చూసుకుంది. "రెండూ కలిపి వేసుకోకూడదని తెలిసిన మనిషి. మరి ఆవిడ దగ్గర నొప్పి బిళ్ళలు అన్నెందుకున్నాయి? ఆ వారం మాత్ర మానేసింది కాబట్టి. మానమని నేనే చెప్పాను. నన్ను చూడు అన్నాను. నా చేతులు పట్టుకుని చూసి చూసి మానేసింది."

కోడలికి మిషను చప్పుడు గుర్తొచ్చింది. ఆ మాటలన్నీ ఆ చప్పుడు కింద తను విన్నవే.

"మీరు ఇంటికొచ్చాక చెబుదురుగాని. మీ మాటైతే నమ్ముతుంది" అంది.

"నేను తెలియక చెప్పానే. నువ్వు తెలిసి ఊరుకున్నావు. నువ్వే వెళ్ళాలి."

కోడలు వెళ్ళింది. బస్సు ఎక్కి, మధ్యలో దిగి, నడిచి వెళ్ళింది. నడిస్తే ఆలస్యమవుతుందన్న చిన్న ఆశ. పాడు వీధి మాత్రం ఎప్పటికంటే పొట్టిగా ఉంది.

గుండీల షాపావిడ ఆమెను చూడగానే కుర్చీలోంచి లేవబోయి, బల్ల ఆనుకుని, మెల్లగా లేచింది. "ఎలా ఉందమ్మా? చెప్పు, చెప్పు. మాస్టర్నడిగితే ఆసుపత్రి అన్నాడు, అంతే. ఇంకో మాట లేదు."

"గండం గడిచిందండీ. కూర్చుంటున్నారు."

"అది మొండిప్రాణం, దానికేమవుతుంది." ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అమ్మాయ్, ఆ పై సొరుగు కాస్త లాగి పెట్టు. పొద్దున్నించీ రావడం లేదు."

కోడలు లాగింది. ఒక్క వేలితో లాగితే వచ్చేసింది. సొరుగులో ఏం ఇబ్బందీ లేదు. ఆవిడ లోపలి నల్ల గుండీ ఒకటి తియ్యబోయింది. వేళ్ళు దగ్గరికి రాలేదు. గుండీ జారింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. ఆవిడ నవ్వేసింది.

"మీ అత్తకి వేళ్ళు ఎన్నో నెలకి విచ్చుకున్నాయి?"

"మూడో నెలకండీ."

"అయితే నాకింకా టైముందిలే. నేను మాత్ర మానేసి రెండు నెలలే కదా అయింది. కాస్త ఓర్చుకోవాలి, అంతే. ఆవిడకున్నంత ధైర్యం నాకు లేదుగానీ, చూసి నేర్చుకుంటున్నాను."

కోడలు బల్లను పట్టుకుంది. పారిపోవాలనిపించింది. కళ్ళద్దాల వెనక నుంచి ఆవిడ కళ్ళు నమ్మకంగా చూస్తున్నాయి.

"అత్తయ్య మాత్ర వేసుకున్నారండీ" అంది. "ప్రతి వారం. తగ్గింది దానివల్లే. ఆవిడ మీకు అబద్ధం చెప్పలేదు, ఆవిడకే తెలియదు. అరటిపండులో కలిపి నేను పెట్టాను. మీతో ఆవిడ చెప్పేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. తప్పు నాదే. ఇవాళే పదండి, నేను తీసుకెళతాను డాక్టరు దగ్గరికి."

గుండీల షాపావిడ కోప్పడుతుందని, శాపనార్థాలు పెడుతుందని కోడలు ఎదురుచూసింది. పెడితే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ తన రెండు చేతులూ బల్ల మీద పరిచి, వంగిపోయిన వేళ్ళ కేసి చూసుకుంది. వెనక గదిలోకి, అక్కడున్న ఒంటి మంచం కేసి, ఒక్క కుర్చీ కేసి ఒకసారి చూసింది.

"మీ అత్తకి నువ్వున్నావు అమ్మాయ్" అంది. "మొండికేసినా దొంగచాటుగా పెట్టావు. నేను మానేస్తే నాకెవరు పెడతారు?"